ఖాళీ గిన్నె పంపే ఇల్లు కాదు

ఈశ్వరి కిడ్నీ జర్మనీలో ఉందని ధర్మవరం శాంతినగర్‌లో అందరికీ తెలుసు. మొదట ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు గానీ, చెప్పిన ప్రతివాళ్లూ పక్కనే నిలబడి చూసినట్టు చెప్పేవాళ్లు. పుట్టపర్తికి వచ్చిన ఒక జర్మనీ ముసలాయనకు రెండు కిడ్నీలూ చెడిపోయాయట. బెంగళూరులో ఈ పిల్లను పడుకోబెట్టి ఒకటి తీసి ఆయనకు పెట్టారట. అందుకే ఆరు నెలలు ఊళ్లో లేదట, అందుకే గుండుతో తిరిగొచ్చిందట, అందుకే మూతికి మాస్కట. కుళాయి దగ్గరికి వచ్చేసరికి దానికి ఇంకాస్త కొసరు కలిసేది. ముసలాయన కాదు, పడుచువాడేనట. కిడ్నీ తీసుకున్నందుకు పెళ్లి చేసుకుంటానని మాటిచ్చాడట. ఈ పిల్ల వాడికి ఉత్తరాలు రాయాలని వాళ్ల భాష నేర్చుకుంటూ ఉందట.

ఇందులో చివరి ముక్కలో కాస్త నిజం ఉంది. ఈశ్వరి జర్మనీ భాష నేర్చుకుంటున్న మాట వాస్తవం.

ఆమెది పడుగు అతికే పని. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలపాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, పాత పోగునూ కొత్త పోగునూ చేర్చి ఒక్క మెలిక. అట్లా నాలుగు వేలకు పైన. ఒక్క పోగు తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మానినప్పటి నుంచీ ఈశ్వరి చేస్తున్నది ఇదే. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరి మగ్గం ముందు కూర్చున్నా తల ఎత్తేది కాదు. ఆ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో మాత్రం సాయంత్రానికల్లా ఆమెకు తెలిసిపోయేది.

ఇరవై మూడో ఏట ఆ వేళ్లలో పట్టు పోయింది. పళ్లు తోముకుంటే నెత్తురు. ఎక్కడా తగలకపోయినా చేతుల మీద కమిలిన మచ్చలు. ధర్మవరంలో టానిక్కు రాశారు. అనంతపురంలో రక్తం ఎక్కించారు. బెంగళూరులో అసలు సంగతి చెప్పారు: ఎముకల లోపల రక్తం తయారవడం ఆగిపోయింది.

"కొత్త విత్తనం పడితే తప్ప ఈ నేల పండదమ్మా" అన్నాడు తెలుగు వచ్చిన డాక్టరు.

అన్న ధనుంజయ ముందుకొచ్చాడు. అతని ఎముక మజ్జ ఈమెకు కలవలేదు. అమ్మ వెంకటక్కది కలవలేదు. దేశదేశాల్లో తమ పేర్లు రాయించుకున్న దాతల జాబితాలో వెతికితే, ఒకే ఒక్కరిది కలిసింది. జర్మనీలో. పేరు చెప్పరు, ఊరు చెప్పరు, ఆడో మగో కూడా చెప్పరు. ఒకరోజు మధ్యాహ్నం ఆ మనిషి ఇచ్చింది విమానంలో వచ్చింది. చిన్న సంచి, చూడ్డానికి పలచని టమాటా రసంలా ఉంది. ఈశ్వరి భుజపుటెముక కింద పెట్టిన గొట్టం గుండా గంటలో లోపలికి పోయింది. కడుపు కోసిందీ లేదు, కుట్టిందీ లేదు. తర్వాతి ఆరు నెలలూ ఆసుపత్రిలోనూ, దాని వెనక అద్దె గదిలోనూ గడిచాయి. ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మారు. మిగతా ఖర్చు ఏదో ట్రస్టు భరించింది.

తిరిగొచ్చిన రోజు ధర్మవరం స్టేషన్‌లో రైలు దిగీ దిగకముందే వెంకటక్క కూతురి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"జబ్బని ఎవరికీ చెప్పొద్దు మే. రక్తంలో జబ్బంటే ఎవరన్నా పట్టు ముట్టనిస్తారా? నా మీద ఒట్టు."

ఈశ్వరి ఒట్టు వేసింది. ఇల్లు నోరు మూసుకుంది. ఇల్లు నోరు మూసుకుంటే ఊరు ఊరుకుంటుందా? అదే నోరు తెరిచింది.

ఏడాది నిండాక చూపించుకోవడానికి బెంగళూరు వెళ్తే, దాతల సంగతులు చూసే ప్రమోద మేడమ్ పిలిచి కూర్చోబెట్టింది. ఇప్పుడు దాతకు ఒక ఉత్తరం పంపవచ్చు, పేరూ ఊరూ ఉండకూడదు, ఇంకే వస్తువూ పంపకూడదు అని చెప్పి, అచ్చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపింది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు.

"ఇక్కడ ఒక పువ్వు బొమ్మో, వేలిముద్రో వెయ్యి చాలు. మేం పంపేస్తాం."

ఈశ్వరి కాగితం ఎత్తి చూసింది. దాని కింద అలాంటివే ఇంకో కట్ట ఉన్నాయి.

"ఇది ఎవరు రాసినారు మేడమ్?"

"అందరికీ ఇదేనమ్మా."

"ఇచ్చినోళ్లు అందరూ ఒకరే కాదు గదా."

ప్రమోద తల ఎత్తి చూసింది. రెండేళ్లలో ఈ పిల్ల నోట అంత పొడవు మాట వినడం అదే మొదలు. ఈశ్వరి పెన్ను తీసుకోలేదు.

"ఆ మనిషికి అర్థమయ్యేటట్ల, వాళ్ల భాషలో నేనే రాసుకొస్తా."

"జర్మన్‌లోనా?" ప్రమోదకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "సరే. నెలకు మళ్లీ చెకప్ ఉంది. అప్పటికి తేకపోతే ఈ కాగితమే పంపేస్తాను. చాలామంది ఉత్తరాలు ఒకేసారి పోతాయి, నీ ఒక్కదాని కోసం ఆపలేను."

ఇంటికొచ్చాక వెంకటక్క తల కొట్టుకుంది. "వేలిముద్రేసి రాకుండా ఏంటికి మే ఈ యవ్వారం?"

ఈశ్వరి గూట్లో ఉన్న స్టీలు గిన్నె చూపించింది. ముందురోజు పక్కింటివాళ్లు ఉగ్గాని పెట్టి పంపిన గిన్నె అది. కడిగి, తిరిగి పంపడానికి అందులో వెంకటక్కే గుప్పెడు శనక్కాయలు పోసి పెట్టింది. వచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పోవడం ఆ ఇంట్లో లేదు. ఏమీ లేనినాడు చిన్న బెల్లం ముక్కైనా పడేది.

"ఉగ్గాని పెట్టినోళ్లకే ఖాళీ గిన్నె పంపవు గదా నువ్వు. ఆ అచ్చేసిన కాగితం ఖాళీ గిన్నేమా."

వెంకటక్క గిన్నె తీసుకుని పక్కింటికి వెళ్లింది.

ఈశ్వరికి తెలిసినంతలో ధర్మవరంలో జర్మనీ భాష వచ్చిన మనిషి ఒక్కడే, లాల్‌సాబ్. రైల్వే గేటు అవతల ఇల్లు. ఇరవై రెండేళ్లపాటు, స్టేషన్‌లో దిగిన విదేశీయులను పుట్టపర్తికీ పెనుకొండకూ లేపాక్షికీ టాక్సీలో తిప్పాడు. కళ్లు మసకబారాక స్టీరింగు వదిలాడు గానీ భాష వదల్లేదు. ఇప్పటికీ తాను కాసే మేకలు రోడ్డు దాటుతుంటే "లాంగ్‌జామ్, లాంగ్‌జామ్" అంటాడు. నిదానం, నిదానం అని. చదవడం, రాయడం మాత్రం ఆయనకు ఏ భాషలోనూ రాదు.

"థ్యాంక్స్ చెప్పేది నేర్పించు తాతా" అంది ఈశ్వరి గుమ్మం దగ్గరే నిలబడి.

"ఎంత థ్యాంక్సు?" అన్నాడు లాల్‌సాబ్.

ఆమెకు అర్థం కాలేదు.

"తలుపు తీస్తే డాంకె. పెట్టె మోస్తే డాంకె షోన్. ఎండలో టైరు మార్చి రైలు టయానికి చేరిస్తే ఫీలెన్ డాంక్. దాని పైన ఇంకొకటుండాది. నేను ఇరవై రెండేండ్లల్లో ఒకేసారి విన్నా."

"అదే కావాల."

"అడిగినోళ్లకంతా ఇచ్చేది కాదు పాపా అది. ఏం జరిగిందో చెప్పు. సరిపోతే ఇస్తా."

ఆయన భార్య బుడన్‌బీ చేటలో బియ్యం ఏరుతూ ఆగింది. ఈశ్వరికి అమ్మ నెత్తి మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఒట్టు నిలబడుతుంది, అచ్చేసిన కాగితం జర్మనీకి పోతుంది. ఆమె లోపలికి వచ్చి కూర్చుంది. నేల చూస్తూ, పళ్ల నెత్తురు దగ్గర మొదలుపెట్టి టమాటా రసం సంచి దాకా, ఒక్క పోగు తప్పకుండా చెప్పింది.

లాల్‌సాబ్ కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"సరిపోతాది" అన్నాడు.

ఆ మాట ఆయనకు దొరికిన సంగతి కూడా చెప్పాడు. ఏటేటా చలికాలం వచ్చే ఒక జర్మనీ ముసలమ్మ ఉండేది. ఒకసారి లేపాక్షి చూసి వస్తుంటే కారులోనే స్పృహ తప్పింది. హిందూపురం ఆసుపత్రిలో చేర్చి, రెండు రోజులు బయట బల్ల మీదే ఉన్నాడు. మూడోనాడు ఆమె లేచి కూర్చుని ఈయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఫోన్ గాన్సెమ్ హెర్సెన్ డాంకె. అట్లన్న్యాది. గుండె మొత్తంతో అని. సగం కాదు, ముక్క కాదు. అది చెప్పేటప్పుడు నవ్వకూడదు పాపా. తల వంచుకోకూడదు. ఎదుటి మనిషి కండ్లల్లోకి చూడాల. నీకు కష్టమే."

"నేర్చుకుంటా" అంది ఈశ్వరి, నేల చూస్తూనే.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం పని దిగాక రైల్వే గేటు దాటేది. ఆయన పలికేవాడు, ఈమె పాత నోటుబుక్కులో రాసుకునేది. ఆయన దగ్గర ఉన్నవన్నీ టాక్సీలో ఎక్కిన మాటలే. నీళ్లు, ఎండ, చెయ్యి, పని, అమ్మ, మళ్లీ, బాగున్నాను.

"రక్తానికి ఏమంటారు తాతా?"

"అది నా టాక్సీ ఎక్కలేదు పాపా. ఉన్నవాటితోనే సర్దుకో."

బుడన్‌బీ నవ్వేది. "ఈయప్పకు తెలుగులోనే సగం మాటలు రావు. జర్మనీలో పంతులైనాడు చూడు!"

ఈ రాకపోకలతో ఊరికి సాక్ష్యం కూడా దొరికింది. కిడ్నీ బేరం కుదిర్చిన బ్రోకరు లాల్‌సాబేనట. లేకపోతే జర్మనీ భాష వచ్చిన ముసలివాడి దగ్గర ఆ పిల్లకేం పని? మూడో వారం ధనుంజయ మగ్గం గుంటలో నుంచే కేకేశాడు.

"ఏమ్మే, యాడికి పోతాండావు?"

"లాల్‌సాబ్ తాత ఇంటికి."

"ఈ పొద్దుతో ఆపెయ్. మేకలు కాసుకునే ముసలోనికి గూడా నీ వల్ల చెడ్డపేరు. ఆ ఇంగ్లీషు కాగితం మీద వేలేసి రా, అయిపోతాది."

"అయిపోదు."

"నోరు లేస్తాండాదే!"

"ఇన్నాళ్లు లేయకపోతేనే గదన్నా నా కిడ్నీ జర్మనీకి పోయింది."

ధనుంజయ పోగుల మధ్య ఆడిస్తున్న నాడెను పక్కన పెట్టి పైకొచ్చాడు. "నీ కోసం మగ్గం అమ్మినా. గుర్తుండాదా?"

"ఉండాది. నువ్వు అన్నవు, అమ్మినావు. నీ కాళ్లకు మొక్కుతా. ఆ మనిషి నాకేమైతాది? నా మొగం గూడా చూడలేదు. ఆడో మగో నాకే తెలీదు. అట్లాంటి మనిషికి నేను వేలిముద్ర పంపల్లా?"

"నువ్వు రాస్తే ఆడ చదివి పటం కట్టించుకుంటారనుకున్నావా?"

"చింపి పారేసుకోనీ. రాయకపోతే తప్పు నాది. చదవకపోతే నాది కాదు."

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే సంజీవప్ప ఇంట్లో పడుగు అతకడానికి పిలుపు వచ్చింది. సంజీవప్పకు మూడు మగ్గాలు. రెండో మగ్గం మీదికి పెళ్లి చీరల పడుగు వచ్చింది. ఒక చివర ఈశ్వరి, ఇంకో చివర నరసక్క కూర్చున్నారు. నరసక్కది కూడా శాంతినగరే. కుళాయి దగ్గర కొసరు కలిపే వాళ్లలో ఆమె మొదటిది.

"ఏమ్మే ఈశ్వరీ, మీ జర్మనీ ఆయప్ప బాగుండాడా? ఒంటేలు సక్రమంగా వస్తాండాదా?"

పక్క మగ్గాలవాళ్లు నవ్వారు. ఈశ్వరి మెలిక మీద మెలిక వేస్తూ పోయింది. సంజీవప్ప మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"తప్పుగా అనుకోవద్దు పాపా. పెండ్లి చీరలివి. ఒళ్లు అమ్ముకున్న చెయ్యి పడుగు మీద పడిందని చీరలు కొనే పార్టీవాళ్లకు తెలిస్తే నాకు కష్టం. ఈ ఒక్కటి నరసక్క చేస్తాదిలే. నువ్వు లెయ్."

ఈశ్వరి లేవలేదు. చేతిలో ఉన్న పోగు మెలిక పూర్తిచేసింది. తర్వాత తల ఎత్తింది. నేలను చూసే ఆ కళ్లు నేరుగా నరసక్క కళ్లల్లోకి చూశాయి.

"మచ్చ చూస్తావా నరసక్కా?" జాకెట్టు మెడ కాస్త పక్కకు లాగి, భుజపుటెముక కింద రూపాయి బిళ్లంత మచ్చ చూపించింది. "ఇదొక్కటే ఉండాది. కిడ్నీ ఈడుంటాదా మనిషికి?"

ఎవరూ నవ్వలేదు.

"నేనేమీ అమ్మలేదు. నా ఎముకల్లో రక్తం ఎండిపోయింది. మా అన్నది పనికి రాలేదు, మా అమ్మది పనికి రాలేదు. జర్మనీలో ఎవరో ఇచ్చినారు. ఊరికే ఇచ్చినారు. ఆ మనిషికి దండం పెట్టుకుండేదానికి నాలుగు మాటలు నేర్చుకుంటాండా. లాల్‌సాబ్ తాత నేర్పిస్తాండాడు. ఇదీ సంగతి. ఈ పొద్దు కుళాయి కాడ ఇది చెప్పు."

తర్వాత సంజీవప్ప వైపు తిరిగింది.

"లెయ్యమంటే లేస్తా మామా. నేనతికినవి ఆరు నూర్ల పోగులుండాయి. ఈ చెయ్యి పనికిరాదంటే అవి గూడా పనికిరావు. కత్తెర తెచ్చి తెంపించు. నా ముందర తెంపు, చూసి పోతా."

సంజీవప్ప వంగి ఆ ఆరు వందల మెలికలనూ చూశాడు. వేలితో నిమిరాడు. ఒక్కటీ జారలేదు, ఒక్కటీ ఎగుడుదిగుడు లేదు. ఆ ఇంట్లో కొత్త పడుగు మీద కత్తెర పెట్టడమన్నది ఆయన తండ్రి నాటి నుంచీ లేదు. ఆయన నిటారుగా నిలబడి పక్క మగ్గాలవాళ్ల మీద కసురుకున్నాడు.

"ఏం చూస్తాండారప్పా? పొద్దు పోతాండాది. కానీండి."

ఆ 'కానీండి' ఈశ్వరికి కూడా. ఇంకో రెండు వందల పోగులు పోయాయి. అప్పుడు నరసక్క మెల్లగా అడిగింది.

"ఆ సంచి ఎక్కించేటప్పుడు నొప్పి లేదా మే?"

"చలేసింది. అంతే."

ఆ నెలలో ఇంకో రెండు మగ్గాలవాళ్లు ఈశ్వరిని రావద్దన్నారు. సంజీవప్ప మాత్రం మళ్లీ పిలిచాడు.

చెకప్‌కు బెంగళూరు రైలెక్కినప్పుడు ధనుంజయ రాలేదు. వెంకటక్క వచ్చింది. రైలు పెనుకొండ దాటేదాకా కిటికీలో నుంచి కొండ వైపు చూస్తూ కూర్చుని, అప్పుడంది.

"ఊరంతా చెప్పినావంట గదా. నా నెత్తి మీద ఒట్టేసి."

"చెప్పినా."

"సరేలే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా." చెయ్యి చాపి మళ్లీ అంది, "యాదీ, ఏం రాసినావో చూపించు."

ఈశ్వరి నోటుబుక్కు తీసింది. నాలుగు వారాల పని ఒక పేజీలో, గుండ్రటి అక్షరాల్లో ఉంది. వెంకటక్కకు చదవడం రాదు. పేజీని అరచేత్తో నిమిరి తిరిగిచ్చింది.

ప్రమోద ఆ పేజీ అందుకుని చూసింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"జర్మన్‌లో రాస్తానన్నావు. ఇది తెలుగు కదా?"

"జర్మనీనే మేడమ్. చదవండి."

"ఇష్... లేబె..." ప్రమోద పైకి చదివి, ఇక ఆపుకోలేక నవ్వేసింది. "అయ్యో ఈశ్వరీ! మాట జర్మనే. అక్షరాలు తెలుగువి. అక్కడ దీన్ని ఎవరు చదువుతారు?"

ఈశ్వరి ముఖం వేడెక్కింది. నాలుగు వారాల్లో ఈ ఆలోచన తనకు రాలేదు, లాల్‌సాబ్‌కు రాలేదు, బుడన్‌బీకి రాలేదు. ఆయన పలికాడు, తాను రాసుకుంది, ఉత్తరం అయిందనుకున్నారు. మేజా మీద ఆ అచ్చు కాగితాల కట్ట అలాగే ఉంది. ప్రమోద చెయ్యి అటు పోయింది.

"ఈసారికి ఇది పంపుదాంలే..."

"వద్దు" అంది ఈశ్వరి. "నేను చదువుతా. మీరు వాళ్ల అక్షరాల్లో రాసుకోండి."

ప్రమోద గడియారం చూసింది, ఆమెను చూసింది, కంప్యూటరు ముందుకు జరిగింది. ఈశ్వరి లేచి నిలబడింది. నవ్వలేదు, తల వంచుకోలేదు. ఎదురుగా జర్మనీ మనిషి లేదు కాబట్టి ప్రమోద కళ్లల్లోకే చూస్తూ చదివింది.

"ఇష్ కెనె జీ నిష్ట్." మిమ్మల్ని నేనెరగను.

"ఇష్ లేబె." బతికున్నాను.

"మైనె హెండె అర్బైటెన్ వీడర్." నా చేతులు మళ్లీ పని చేస్తున్నాయి.

"ఫోన్ గాన్సెమ్ హెర్సెన్ డాంకె."

ప్రమోద ఒక్కో మాటనూ ఫోన్‌లో సరిచూసుకుంటూ టైపు చేసింది. నాలుగో వాక్యం దగ్గర ఆమె వేళ్లు కాస్త నెమ్మదించాయి. పేరు లేదు, ఊరు లేదు, నిబంధనకు అడ్డం ఏమీ లేదు. కింద ఇంకో వరుస ఉంది.

"ఇది జర్మన్ కాదే?"

"కాదు. లాల్‌సాబ్ తాతకు రాలేదు. అది తెలుగే." ఈశ్వరి చదివింది: "నీ కడుపు సల్లగుండ."

"దీన్ని తర్జుమా చేయించనా?"

"వద్దు మేడమ్. అట్లనే పోనీ."

ప్రమోద టైపు చేసిన కాగితాన్ని ప్రింటు తీసింది. "ఇదే పంపుతాను. నీ నోటుబుక్కు కాగితం నీ దగ్గరే దాచుకో, జ్ఞాపకంగా ఉంటుంది."

ఈశ్వరి నోటుబుక్కులోంచి పేజీని అంచు చిరగకుండా విడదీసి, ప్రింటు తీసిన కాగితం మీద పెట్టింది.

"మీది కింద పెట్టుకోండి మేడమ్. పైన నా రాతే ఉండాల."

రెండూ అట్లాగే పిన్ను కొట్టుకుని ఒకే కవర్లో పోయాయి.

జవాబు ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. లాల్‌సాబ్ మాత్రం కనబడిన వాళ్లందరికీ తన ఉత్తరం జర్మనీకి పోయిందని చెప్పుకుంటున్నాడు. శాంతినగర్ కుళాయి దగ్గర కథ చావలేదు, దిక్కు మార్చుకుంది. ఆ జర్మనీవాళ్లు వచ్చి ఈ పిల్లను తీసుకుపోతారట, ఏడాదికల్లా తెల్లగా అయిపోతుందట. అదీ అయిపోతే ఇంకొకటి పుడుతుంది. ఈశ్వరి వింటుంది. ఇప్పుడు తల ఎత్తి వింటుంది. అదేమిటని ఎవరైనా నేరుగా అడిగితే నేరుగానే చెబుతుంది.

ఎవరూ అడగనిది ఒకటి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆ సంచి ఎక్కేదాకా ఆమె రక్తం బి పాజిటివ్. ఇప్పుడు ఆమె పర్సులో ఉన్న ఆసుపత్రి కార్డు మీద, ఆ ఇచ్చిన మనిషిదే, ఓ పాజిటివ్ అని ఉంది.